ఆర్టిస్ట్ బుక్స్, పోస్టుకార్డులు, చిన్న ప్రెస్సుల కాగితాలు: ఎలా సేకరించాలి, ఎలా కాపాడుకోవాలి

సేకరణ మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ అడిగేవి మూడే ప్రశ్నలు. ఇది అసలు ముద్రణేనా, తర్వాత వేసిందా? దీన్ని దేంట్లో పెట్టి దాచాలి? నా దగ్గర ఏముందో ఎలా గుర్తుపెట్టుకోవాలి? విడివిడిగా జవాబులు చెప్పే కంటే అన్నీ ఒక వరసలో పెడితే మేలనిపించి ఇది రాస్తున్నాను. వీటిలో మూడో ప్రశ్నను అందరూ చివరికి వదిలేస్తారు. నా లెక్కలో ముందు పట్టించుకోవాల్సింది దాన్నే. ఎక్కడినుంచి వచ్చిందో, ఎప్పటిదో రాసిపెట్టని ఆహ్వాన కార్డు పదేళ్ల తర్వాత మీకే అర్థం కాదు.

ఏమేం కావాలి

- 10 రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం. లూప్ అని అడిగితే ఇస్తారు.
- 2బి పెన్సిల్, మెత్తటి రబ్బరు, మిల్లీమీటర్ల స్కేలు, చిన్న టార్చి.
- పాలిప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ కవర్లు. ప్యాకెట్ మీద ఆ పేరు రాసి ఉండాలి.
- ఆమ్లం లేని అట్టపెట్టెలు, ఫోల్డర్లు, మధ్యలో పెట్టడానికి పల్చటి కాగితాలు. ఒకేసారి అన్నీ కొనలేకపోతే ముందు కాగితాలు, ఫోల్డర్లు కొనండి. పెట్టె తర్వాతైనా పర్వాలేదు.
- గదిలో వేడి, తేమ చూపించే చిన్న మీటరు.
- ఒక నోటుబుక్కు లేదా స్ప్రెడ్‌షీట్.

తెల్ల నూలు గ్లవుజులు కొనకండి. వాటితో పేజీ అంచు చేతికి తెలియదు, చిరిగేది అప్పుడే. చేతులు సబ్బుతో కడుక్కుని, పూర్తిగా తుడుచుకుంటే చాలు. ఫోటోలు ముట్టుకునేటప్పుడు మాత్రం నైట్రైల్ గ్లవుజులు వాడండి. లామినేషన్, సెల్లో టేపు, గమ్ సీసా ఈ పనికి దగ్గరకే రానివ్వకండి.

1. ముందు హద్దు గీసుకోండి

ఏం సేకరిస్తారో ఒక్క వాక్యంలో రాయండి. "ఒకే ప్రెస్సు వేసిన పుస్తకాలన్నీ", "రైసోగ్రాఫ్ (ఫోటోకాపీ మెషీన్‌లా కనిపించే అచ్చు యంత్రం, ముద్దుగా రైసో) మీద అచ్చైన జీన్లు (zines, సొంతంగా వేసుకునే చిన్న పత్రికలు)", "ప్రదర్శనల ఆహ్వాన కార్డులు", "ఒకే ఊరి పోస్టుకార్డులు" ఇలాంటివన్నీ హద్దులే. "నాకు నచ్చినవన్నీ" అనేది హద్దు కాదు. రెండేళ్లలో పెట్టెలు నిండుతాయి తప్ప, సేకరణకు ఒక ముఖం రాదు.

తేల్చుకోలేకపోతే ఇలా చేయండి. పాతిక ముప్పై వస్తువులు వచ్చేదాకా స్వేచ్ఛగా పోగేయండి. తర్వాత అన్నీ నేలమీద పరిచి చూడండి. మీ చేయి దేనికోసం పదేపదే వెళ్లిందో అక్కడ కనిపిస్తుంది.

2. చేతిలో ఉన్నది ఏ జాతిదో తెలుసుకోండి

ఆర్టిస్ట్ బుక్ అంటే కళ గురించి రాసిన పుస్తకం కాదు. ఆ పుస్తకమే కళాకృతి. పేజీలు తిరిగే వరస, కాగితం, సైజు అన్నీ కళాకారుడి నిర్ణయాలే. అమెరికన్ కళాకారుడు ఎడ్ రుషే 1963లో 26 పెట్రోలు బంకుల ఫోటోలతో ఒక చిన్న పుస్తకం వేశాడు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని తీసుకోకుండా తిప్పి పంపింది. తిరస్కరించారన్న మాటనే ఆయన 1964లో ప్రకటనగా వేయించుకున్నాడు. మొదటి ముద్రణ 400 ప్రతులు, ప్రతిదానికీ నంబరుంది. 1967లో 500, 1969లో 3000 ప్రతులు మళ్లీ వేశారు. బయటినుంచి చూస్తే ఒకేలా కనిపించే ఇలాంటి పుస్తకాలు వేర్వేరు ముద్రణలు కావొచ్చు. అందుకే అట్ట చూసి నిర్ణయించకండి, ప్రచురణ వివరాలున్న పేజీ తెరవండి.

ఎఫిమెరా అంటే ఒక పూట అవసరానికి అచ్చేసి, ఆ పూట అయ్యాక పారేయాల్సిన కాగితం: టికెట్, కరపత్రం, ఆహ్వానం, ధరల పట్టీ. దాచుకోవడానికి పుట్టినవి కావు కాబట్టే వీటి కాగితం నాసిగా ఉంటుంది, తేదీలో సంవత్సరం ఉండదు. ఈ రెండు ఇబ్బందులకూ కింద దారులు చెప్తాను.

3. ఎక్కడ వెతకాలి

ఆర్టిస్ట్ బుక్ ఫెయిర్లు, చిన్న ప్రెస్సుల టేబుళ్లు, మ్యూజియం షాపులు, పాత పుస్తకాల దుకాణాలు, కళాశాలల చివరి సంవత్సరం ప్రదర్శనలు. న్యూయార్క్‌లోని ప్రింటెడ్ మ్యాటర్ అనే సంస్థ 1976 నుంచి ఆర్టిస్ట్ బుక్స్ మీదే పనిచేస్తోంది. కొనకపోయినా అలాంటి చోట్ల జాబితాలు చదువుతూ ఉంటే కన్ను తయారవుతుంది.

ఎఫిమెరాకు మాత్రం ఒక్కటే నమ్మకమైన దారి: ఆ రోజు అక్కడ ఉండటం. ప్రదర్శన మొదలైన రోజు టేబుల్ మీద ఉన్న కార్డు వారం తర్వాత ఉండదు. కుదిరితే రెండు తీసుకోండి, ఒకటి చూడటానికి, ఒకటి దాచడానికి. చిన్న ప్రెస్సు నడిపేవాళ్లకు నేరుగా ఉత్తరం రాయడానికి మొహమాటపడకండి. శ్రద్ధగా అడిగినవాళ్లకు వాళ్లు వివరాలు చెప్తారు, మిగిలిపోయిన పాత కరపత్రాలు కూడా పంపుతారు. మీ దగ్గర రెండో ప్రతి ఉంటే మార్పిడికి పెట్టుకోండి.

4. కొనే ముందు పరీక్షించండి

తొందరపడి డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

*లూప్ పెట్టి చూడండి.* బొమ్మలో ఒక బూడిదరంగు భాగం మీద లూప్ పెట్టండి. వరసగా చుక్కలు కనిపిస్తే అది యంత్రం మీద అచ్చైన బొమ్మ. నాలుగు రంగుల ఆఫ్‌సెట్ అయితే ఆ చుక్కలు చిన్న చిన్న పువ్వుల్లా గుమిగూడి ఉంటాయి. చుక్కలే లేకుండా నలుపునుంచి తెలుపుకు మెల్లగా జారితే అది అసలు ఫోటో కాగితం మీద కడిగిన కార్డు అయ్యే అవకాశం ఎక్కువ. రాతి పలకలతో ఒక్కో రంగు విడిగా అచ్చేసిన పాత క్రోమోలిథోగ్రాఫ్‌లో చుక్కలు ఉంటాయి కానీ వరసలో ఉండవు, చేత్తో పొడిచినట్టు చెదిరి ఉంటాయి. ఇంక్‌జెట్‌లో రంగు సన్నగా చిమ్మినట్టు కనిపిస్తుంది. వందేళ్లనాటిదని అమ్ముతున్న కార్డులో ఆఫ్‌సెట్ పువ్వులో ఇంక్‌జెట్ చిమ్ములో కనిపిస్తే అది తర్వాత తీసిన నకలేమోనని అనుమానించండి.

*వాలుగా పట్టుకుని చూడండి.* పాత సిల్వర్ ఫోటో కార్డుల్లో నల్లటి భాగాలు, ముఖ్యంగా అంచుల దగ్గర, నీలం కలిసిన లోహపు మెరుపుతో తళుక్కుమంటాయి. లోపలి వెండి పైకి రావడం వల్ల అది వస్తుంది. లెటర్‌ప్రెస్ (ఉబ్బెత్తు అచ్చును కాగితానికి నొక్కే పద్ధతి) అయితే టార్చి పక్కనుంచి వేసినప్పుడు అక్షరాలు కాగితంలోకి కాస్త దిగినట్టు కనిపిస్తాయి.

*వెనక వైపు చదవండి.* మొదటి అధికారిక పోస్టుకార్డు 1869 అక్టోబరు 1న ఆస్ట్రియా-హంగరీలో వచ్చింది. చాలాకాలం వెనక వైపు చిరునామాకే కేటాయించేవాళ్లు, కబురు బొమ్మ పక్కన ఇరికించి రాయాల్సి వచ్చేది. వెనక వైపు మధ్యలో గీత పెట్టి సగం కబురుకు, సగం చిరునామాకు ఇవ్వడం బ్రిటన్‌లో 1902లో, జర్మనీలో 1905లో, అమెరికాలో 1907లో మొదలైంది. కాబట్టి గీత ఉన్న అమెరికన్ కార్డును 1900 నాటిదని ఎవరైనా అంటే నమ్మకండి. ఫోటో కార్డుల్లో స్టాంపు అంటించే గడి చుట్టూ కాగితం కంపెనీ గుర్తులు ఉంటాయి. ఏజో (AZO) అని రాసి ఉన్న కాగితమైతే నాలుగు త్రికోణాలూ పైకి చూస్తుంటే సుమారు 1904 నుంచి 1918 మధ్యది. రెండు పైకి, రెండు కిందికి ఉంటే సుమారు 1918 నుంచి 1930 మధ్యది.

జాగ్రత్త: ఇవి కాగితం వయసు చెప్తాయి. ఫోటో ఎప్పుడు తీశారో చెప్పవు. పోస్టు ముద్ర కూడా అంతే. ఆ తేదీకి కార్డు ఉంది అని మాత్రమే దానర్థం, ఆ సంవత్సరమే అచ్చైందని కాదు.

*అతినీల కాంతి.* చిన్న యూవీ టార్చి దొరికితే చీకటి గదిలో కాగితం మీద వేయండి. నీలం తెలుపు కలిసి గట్టిగా మెరిస్తే అందులో కాగితాన్ని తెల్లగా చూపించే రసాయనం కలిసింది. దాని వాడకం సుమారు 1950 నుంచి మొదలైంది. మెరవకపోతే పాతదని మాత్రం తేల్చేయకండి. ఈరోజు కూడా ఆ రసాయనం లేని కాగితాలు తయారవుతున్నాయి.

*పుస్తకమైతే పేజీలు లెక్కపెట్టండి.* లోపల మడతపెట్టిన షీటు, విడిగా పెట్టిన కార్డు, పారదర్శక కాగితం, చుట్టూ చుట్టిన కాగితం పట్టీ ఉండాల్సినవేమో ప్రచురణకర్త వివరణతో పోల్చుకోండి. అట్ట నలిగినా పర్వాలేదు కానీ లోపలి షీటు పోతే అది ఆ పుస్తకం కాదు. కొత్తవాళ్లు మెరుపు చూసి కొంటారు. నేనైతే అన్నీ ఉన్నాయా అని చూసి కొనమంటాను.

ఆన్‌లైన్‌లో కొంటుంటే నాలుగు ఫోటోలు అడగండి: ముందు, వెనక, ప్రచురణ వివరాలు, పక్కనుంచి వెలుతురు వేసి తీసింది. "అరుదైనది" అన్న మాటకు రుజువు అడగండి. ఎన్ని ప్రతులు వేశారు, ఇది ఎన్నోది అని అడగండి. 23/100 అని రాసి ఉంటే వందలో ఇరవైమూడోది అని, ఏపీ అని ఉంటే కళాకారుడి సొంత ప్రతి అని అర్థం.

5. ఇంటికి రాగానే

కొత్తగా వచ్చినదాన్ని నేరుగా పెట్టెలో పెట్టకండి. రెండు వారాలు విడిగా ఉంచి చూడండి. పొడి రాలుతోందా, పురుగు తిన్న గీతలున్నాయా, బూజు వాసన వస్తోందా గమనించండి. పురుగు అనుమానం ఉంటే ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా మూసి, మైనస్ 20 డిగ్రీల దగ్గర ఫ్రీజర్‌లో రెండు వారాలు పెట్టండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకండి, విప్పితే చల్లటి కాగితం మీద నీరు పడుతుంది. ఫోటోలకు, తోలు బైండింగులకు ఈ పద్ధతి వద్దు.

అది వచ్చిన పోస్టు కవరు పారేయకండి. నేను చేసిన పెద్ద తప్పు ఇదే, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఒక చిన్న ప్రెస్సు నుంచి మడత కరపత్రం వచ్చింది. కవరు చింపి చెత్తబుట్టలో వేశాను. ఆ కవరు మీద రబ్బరు స్టాంపుతో వేసిన వాక్యమే ఆ పనిలో మొదటి పేజీ అని నెల తర్వాత మరొకరి దగ్గర పూర్తి ప్రతి చూశాక తెలిసింది. నా దగ్గర మిగిలింది సగం.

పోస్టులో ప్రయాణించిన కార్డు వాడేసిన కార్డు అనుకోకండి. కళాకారుడు ఆన్ కవారా 1968 నుంచి 1979 వరకు తాను ఆ ఉదయం ఎన్ని గంటలకు లేచాడో రబ్బరు స్టాంపుతో కొట్టి, రోజూ రెండు పోస్టుకార్డులు తెలిసినవాళ్లకు పంపాడు. అక్కడ పోస్టు ముద్ర, చిరునామా అన్నీ కృతిలో భాగమే. కాబట్టి స్టాంపు పీకడం, గీతలు చెరపడం లాంటివి ఎప్పుడూ చేయకండి.

6. అదే రోజు నమోదు చేయండి

రేపు రాద్దాం అనుకుంటే రాయరు. పది నిమిషాల పని ఇది. ప్రతి వస్తువుకూ ఒక వరస సంఖ్య ఇవ్వండి. ఏ సంఖ్యనూ రెండోసారి వాడకండి, వస్తువు చేయి మారిపోయినా సరే. నా పుస్తకంలో ఒక నమోదు ఇలా ఉంటుంది:

"0147. ప్రదర్శన ఆహ్వాన కార్డు. 148 × 105 మి.మీ. రెండు రంగుల రైసో. కార్డు మీద తేదీ ఉంది, సంవత్సరం లేదు. కవరు మీద పోస్టు ముద్ర 2019 మార్చి 12. కవరుతో సహా. పై కుడి మూల మడత. ప్రెస్సు నుంచి నేరుగా వచ్చింది. పెట్టె 3."

మూడు సంగతులు గమనించండి. సంవత్సరం ఎలా తెలిసిందో రాశాను, ఊహను వాస్తవంలా రాయలేదు. లోపం ఉన్నది ఉన్నట్టు రాశాను. ఎక్కడుందో రాశాను. సంవత్సరం వెతకడానికి ఒక చిట్కా: కార్డు మీద వారం, తేదీ రెండూ ఉంటే ఆ జత ఏ సంవత్సరాల్లో వస్తుందో పాత క్యాలెండర్లలో చూడండి. మామూలుగా ఐదు, ఆరు లేదా పదకొండు సంవత్సరాలకొకసారే కుదురుతుంది కాబట్టి అవకాశాలు బాగా తగ్గుతాయి.

రెండు వైపులా ఫోటో తీయండి, పక్కన స్కేలు పెట్టి. ఏది ముందు, ఏది వెనక అన్నది ఎప్పుడూ తేలికగా తేలదు. ఫ్రెంచ్ కళాకారుడు బెన్ వోటియే 1965లో చేసిన ఒక పోస్టుకార్డుకు రెండు వైపులా చిరునామా గీతలు, స్టాంపు చోటు ఉన్నాయి. రెండు వేర్వేరు చిరునామాలు రాస్తే ఎవరికి ఇవ్వాలో పోస్టుమాన్ నిర్ణయించుకోవాలి.

సంఖ్యను వస్తువు మీద పెన్నుతో రాయకండి, స్టిక్కర్ అంటించకండి. పోస్టుకార్డు వెనక మూలలో పెన్సిల్‌తో తేలిగ్గా రాయొచ్చు. ఆర్టిస్ట్ బుక్ మీద అదీ వద్దు. ఒక చీటీ మీద రాసి లోపల పెట్టండి.

7. దాచండి

ప్లాస్టిక్ విషయంలోనే ఎక్కువ నష్టం జరుగుతుంది. మెత్తగా, జిగటగా ఉండి కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చే కవర్లు పీవీసీవి. వాటినుంచి ఊరే నూనె లాంటి పదార్థాలు సిరాను మెత్తబరుస్తాయి. ఫోటోకాపీ కార్బన్ అక్షరాలు ఏకంగా కవరుకు అంటుకుపోతాయి. ఇప్పటికే అంటుకుని ఉంటే లాగకండి. కవరును మూడు వైపులా కత్తిరించి, అంటుకున్న చోటు అలాగే ఉంచి, కాగితాలు బాగుచేసే నిపుణులకు చూపించండి.

*పోస్టుకార్డులు:* ఒక్కోదాన్ని ఒక్కో కవరులో పెట్టి, పెట్టెలో నిలబెట్టండి. బిగుతుగా కుక్కకండి, వదులుగా కూడా వదలకండి. వదులైతే కార్డులు వంగిపోతాయి, ఖాళీ ఉన్నచోట అట్ట మడిచి పెట్టండి.

*రైసో అచ్చులు:* ఈ సిరా సోయా లేదా తవుడు నూనెతో చేస్తారు. ఆరడం కంటే కాగితంలోకి ఇంకడమే ఎక్కువ. ఏళ్ల తర్వాత కూడా వేలికి, పక్క పేజీకి అంటుతుంది. ప్రతి రెంటికీ మధ్య పల్చటి కాగితం పెట్టండి, పైన బరువు పెట్టకండి. రెండు రంగులు కాస్త పక్కకు జరిగి ఉంటే లోపం అనుకోకండి. ఒక్కో రంగు విడిగా అచ్చవుతుంది కాబట్టి అలా జరగడం మామూలే.

*పిన్ను కొట్టిన జీన్లు:* పిన్ను తుప్పు పట్టలేదా, ముట్టుకోకండి. తుప్పు మొదలైతే పిన్నుకు, పేజీకి మధ్య చిన్న కాగితం ముక్క దూర్చండి. పిన్ను తీసేయాలనిపిస్తే ఒక్క మాట: ఆ పిన్నే బైండింగ్, తీస్తే అది వేరే వస్తువు.

*బిల్లులు, కొత్తరకం టికెట్లు:* థర్మల్ కాగితం మీద అక్షరాలు మాయమవుతాయి. మిగతావాటికి దూరంగా పెట్టి, వచ్చిన రోజే ఫోటో తీయండి.

*వింత పదార్థాలు:* కళాకారుడు డీటర్ రోత్ 1961 నుంచి పుస్తకాలను, పత్రికలను ముక్కలుగా తరిగి, జిలాటిన్, మసాలాలు కలిపి సాసేజ్ (మాంసం కూరే) తొడుగుల్లో కూరి కృతులు చేశాడు. మీకు అలాంటిది దొరక్కపోవచ్చు. కానీ ఎండిన ఆకులు, తేనెమైనం, ఆహారం, రబ్బరు ఉన్న చిన్న ప్రెస్సు పుస్తకాలు చాలానే ఉన్నాయి. వాటికి విడి పెట్టె.

గది చల్లగా, మార్పులు లేకుండా ఉండాలి. తేమ 35 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది, 65 దాటి నిలిస్తే బూజు వస్తుంది. అటక మీద, బయటి గోడకు ఆనించి, నేలమీద పెట్టకండి. ఏసీ లేకపోయినా పర్వాలేదు, పగలు రాత్రి మధ్య పెద్ద తేడా లేని లోపలి గది అల్మరా చాలు. కలరా ఉండలు వేయకండి. వాటి ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది, మీ ఊపిరికీ మంచిది కాదు. సిల్వర్ ఫిష్ అనే చిన్న పురుగు గంజిని, జిగురును తింటుంది. అల్మరాలో ఒక జిగురు ఉచ్చు పెడితే పురుగుందో లేదో తెలుస్తుంది.

8. చూడండి, చూపించండి

మూసిపెట్టడానికే సేకరించడం లేదు కదా. గోడకు పెట్టాలంటే ఎండ పడని గోడ, మూడు నెలలకోసారి మార్పిడి. రంగుల ఫోటోకాపీ తీసి దాన్ని గోడకు పెట్టడం ఇంకా మంచి పద్ధతి. పుస్తకాన్ని పూర్తిగా వెనక్కి విరిచి తెరవకండి, రెండు వైపులా చుట్టిన బట్ట ఆసరాగా పెట్టండి.

9. సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది

ఆరు నెలలకోసారి ఒక గంట కేటాయించండి.

- జాబితాలోంచి ఐదు సంఖ్యలు ఎంచుకుని వస్తువులు వెతకండి. తర్వాత పెట్టెలోంచి ఐదు వస్తువులు తీసి జాబితాలో వెతకండి. పదిలో ఒక్కటి తప్పినా ఆ పెట్టె మొత్తం సరిచూడాలి.
- కవరు లోపలి వైపు వేలితో రుద్దండి. జిడ్డు తగిలితే ఆ కవర్లన్నీ మార్చండి.
- మధ్యలో పెట్టిన పల్చటి కాగితం తీసి చూడండి. పసుపు మరక పడితే పక్కనున్న కాగితం ఆమ్లాన్ని వదులుతోంది, దాన్ని విడదీయండి.
- మీటరు రీడింగు, జిగురు ఉచ్చు చూసి తేదీ వేసి రాయండి.
- మీ సేకరణ గురించి తెలియని ఇంట్లోవాళ్లకు జాబితా ఇచ్చి 0147 తెమ్మనండి. ఐదు నిమిషాల్లో తేలేకపోతే పెట్టె మీద రాత మార్చాలి, వాళ్లను కాదు.

జాబితా ప్రతి ఒకటి ఇంటి బయట, మీరు నమ్మే మనిషి దగ్గర ఉంచండి. మొదటి పేజీలో నాలుగు వాక్యాలు రాయండి: ఇది ఏమిటి, ఎక్కడ మొదలవుతుంది, ఏవి విడదీయకూడదు, ఎవరిని అడగాలి.